పదిహేడో గడి

“‘లేదు’ అని రాసెయ్. రెండే అక్షరాలు. చెయ్యేం అరిగిపోదు,” అన్నాడు భర్త, ఆఫీసు వరండాలో బల్ల మీద ఆమె వైపు ఒరిగి.

ఆమె ఒళ్లో ఉన్న ఫారంలో నలభై గళ్లుంటే ముప్పై తొమ్మిది నిండాయి. మిగిలింది పదిహేడోది. ‘ఇంతకుముందు ఉద్యోగాల్లో మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా?’ రక్షణ శాఖ కంట్రోల్ రూములో ఆపరేటరు ఉద్యోగం అది. రాతపరీక్ష పాసైంది, డాక్టరు పరీక్షా పాసైంది. ఇక సెక్యూరిటీ క్లియరెన్స్ ఒక్కటే మిగిలింది. అది రాకపోతే పాసైనవన్నీ నీళ్లపాలే. ఇప్పుడున్న కాంట్రాక్టు కొలువు ఈ నెలాఖరుతో సరి.

“మెమో ఇచ్చారు కదండీ,” అంది.

“ఇచ్చారు. నీ సర్వీసు బుక్కులోకి ఎక్కిందా? లేదు. ఆరేళ్ల కిందటి సంగతి తవ్వి నెత్తిన పోసుకోవడం దేనికి?”

“ఎర్రసిరా చెప్పేస్తే?”

ఎర్రసిరా అంటే పంపుహౌసులో ఆమె పాత సూపర్‌వైజరు. ఎవరి రిజిస్టరు దొరికినా ఎర్రసిరా పెన్నుతో చీల్చి చెండాడతాడు గనుక ఆ పేరు స్థిరపడిపోయింది. మీ పనితీరు తెలిసిన ఒకరి పేరు రాయండి అని దరఖాస్తులో అడిగితే, ఈ మహాతల్లి ఏరికోరి ఆయన పేరే రాసి పంపింది.

“ఊళ్లో ఇంకో మనిషే దొరకలేదా నీకు?” భర్త నెత్తి కొట్టుకున్నాడు. ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

ఆఫీసరు ఫారం తిరగేసి పదిహేడో గడి దగ్గర ఆగాడు. “ఇది వదిలేశారే. పెన్నుందా?”

ఉంది. దాని మూత తియ్యడానికే ఆమెకి చాలాసేపు పట్టింది. ‘లేదు’ అని రాయడానికే వంగింది కూడా. చెయ్యి మాట వినలేదు. ‘అవును’ అని రాసి, ఫారం ఆయన వైపు తోసేసింది.

“ఏం చేశారు?”

“పంపుహౌసులో గంటగంటకీ ప్రెజర్ మీటరు చూసి రిజిస్టరులో రాయాలి సార్. ఒకరోజు చెప్పకుండా మ్యాట్నీకి వెళ్లాను. వచ్చాక మూడు గంటల రీడింగులూ అందాజుగా వేసేశాను.”

“ఎలా దొరికారు?”

ఆమె తల వంచుకుంది. “ఆ మూడు గంటలూ మీటరు అక్కడ లేదు సార్. రిపేరుకని విప్పి తీసుకెళ్లారట. మా సూపర్‌వైజరుగారి బల్ల మీదే ఉందట. నేనొచ్చేసరికి మళ్లీ బిగించేశారు. నాకేం తెలుసు?”

ఆఫీసరు పెదవులు బిగించాడు. అది నవ్వాపుకోవడానికని ఆమెకి తెలియదు. కొంప మునిగిందనుకుంది.

“తర్వాత?”

“మెమో ఇచ్చారు. నెల్లాళ్లు స్టోర్లో తుప్పు బోల్టులు ఏరించారు. ఆ రోజు నుంచీ కొత్త రూలు కూడా పెట్టారు. రీడింగు తప్పితే ఆ చోటు ఖాళీగా వదలకూడదు. మూల నుంచి మూలకి గీత కొట్టి కింద సంతకం పెట్టాలి, తర్వాత ఎవరూ అందులో ఏమీ రాయడానికి వీల్లేకుండా. ఆ రూలు నా పుణ్యమే సార్. ఇంకో నాలుగేళ్లు అక్కడే చేశాను. మళ్లీ ఒక్క అంకె కూడా ఊహించి వెయ్యలేదు.”

“పంపుహౌసులో వాళ్లు కాక ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“మావారికి. ఇప్పుడు మీకు.”

ఆఫీసరు సొరుగు లాగి, అంటించి ఉన్న కవరొకటి తీశాడు. మీద ఆమె పేరు, ఎర్రసిరాతో.

“పోయిన వారం మీ సూపర్‌వైజరుగారిని కలిశాను. రెండు గంటలు కూర్చున్నా మీ గురించి నోరు విప్పలేదు. మా ఖాళీ ఫారం తిరగేసి చూసి, ఈ కవరు చేతిలో పెట్టి, పదిహేడో గడిలో ‘లేదు’ అని రాస్తే విప్పి చూసుకోండి, ‘అవును’ అని రాస్తే విప్పకుండా ఆమెకే ఇచ్చెయ్యండి అన్నారు. ఇలాంటిది మా రూల్సులో లేదండీ అన్నాను. అయితే కొత్త రూలు పెట్టుకోండి అన్నారు.”

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. అది ముమ్మాటికీ ఎర్రసిరా మాటే.

“తప్పు చేసినవాళ్లతో మాకు పేచీ లేదమ్మా. దాచుకునేవాళ్లతోనే పేచీ. దాచింది పట్టుకుని రేపు ఎవడైనా మిమ్మల్ని ఆడిస్తాడు. మీ దగ్గర దాచింది ఇంకేం లేదుగా?”

“లేదు సార్.”

ఆయన ఫారం అడుగున సంతకం చేసి, ముద్ర గుద్ది, కవరు ఆమె చేతికిచ్చాడు. “జేరే రోజు టైముకి రండి. మ్యాట్నీలు ఆదివారం చూసుకోండి.”

వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడింది. ఆరేళ్ల తర్వాత ఊపిరి హాయిగా ఆడుతోంది.

“వచ్చిందండీ,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భర్త ఎగిరి గంతేశాడు. జరిగింది గబగబా చెప్పి ఆమె కవరు చూపించేసరికి మాత్రం మొహం పాలిపోయింది.

“అమ్మో! నా మాట విని ‘లేదు’ అని రాసుంటే?”

“ఈపాటికి లోపల ఇది చదువుతూ ఉండేవారు.”

“చదవకు. చింపి పారెయ్. ఏం విషం కక్కాడో ఏమో!”

“కక్కనివ్వండి. ఉద్యోగమైతే వచ్చేసింది,” అంటూ కవరు అంచు చింపింది.

కాగితం బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏం రాశాడు?” అని భర్త తొంగి చూశాడు.

తెల్లకాగితం మీద ఒక్క అక్షరం లేదు. ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రసిరా గీత, కింద సూపర్‌వైజరు సంతకం.