వేపమొద్దు

విజయ కత్తిపీట ముందు కూర్చుని చేపల పొలుసు గీస్తోంది. పెరట్లో ఆమె భర్త శ్రీను, రంపాలు అమ్మే డేనియల్ మీద విరుచుకుపడుతున్నాడు.

"రెండుసార్లు చైను తెగింది అన్నా! మొన్న నా దవడ చీరింది. ఇదా నువ్వమ్మే మిషను?"

"అందుకేగా తమ్ముడూ, రేపల్లె నుంచి రెండు కొత్తవి మోసుకొచ్చా. పెట్రోలుదా, కరెంటుదా? నచ్చింది ఉంచుకో."

"ఏదో ఒకటి, తెగనిది కావాలి. పొయ్యిలోకి పుల్ల లేదు."

"ముందు కరెంటుది చూస్తే..." అంటూ అరుగు మీద వల బాగుచేస్తున్న శ్రీను తండ్రి బ్రహ్మయ్య లేవబోయాడు.

"నీకేం తెలుసు? కూర్చో" అంది అతని భార్య కోటేశ్వరి. బ్రహ్మయ్య కూర్చున్నాడు.

శ్రీను పెట్రోలు రంపం అందుకున్నాడు. తుఫానుకు కూలిన వేపమొద్దు మీద, పాత రంపం ఆగిన గాటులోనే దించాడు. పొట్టు ఎగిరింది. ఉన్నట్టుండి నిప్పురవ్వలు లేచాయి.

"ఆపు! లోపల ఇనుముంది!" అని అరిచాడు డేనియల్.

శ్రీను గొడ్డలితో మొద్దు చీల్చాడు. లోపల జానెడు మేకు. దానికి చుట్టిన రాగితీగ.

కోటేశ్వరి గుండెలు బాదుకుంది. "మంత్రించిన మేకురా శీనూ! మొగుడు పెళ్లాం మాట జవదాటకుండా చెట్టుకి కొడతారు. నీ పెళ్లాం వచ్చిన కాడ్నించి నువ్వు నా మాట వినకపోతే ఏంటో అనుకున్నా!"

శ్రీను విజయ వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"కాదు."

"దవడ బదులు నా మెడ తెగుంటే? బట్టలు సర్దుకో. వాడరేవులో మీ పుట్టింటికి పో!"

విజయ చేతులు కడుక్కుని మొద్దు దగ్గరికి వచ్చింది.

"బెరడు మీద దెబ్బ ఎక్కడన్నా ఉందా చూడయ్యా. మేకు మొద్దు నడిమి చేవలో ఉంది. దాన్ని మింగేసి పైన ఇంత చెక్క పెరిగింది. నేనీ ఇంటికొచ్చి ఏడాదన్నా కాలేదు."

శ్రీను మేకును చూశాడు. దాని పైన పెరిగిన చెక్కను వేళ్లతో తడిమాడు. మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

కోటేశ్వరి తల దించుకుంది.

అరుగు మీద వల జారిపడిన చప్పుడైంది. బ్రహ్మయ్య లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి? కూర్చో!" అంది కోటేశ్వరి.

బ్రహ్మయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వీధి గుమ్మం దాటి వెళ్లిపోయాడు.