మూడు వందల గంటల కేబుల్

మెత్తటి సోఫాలతో ఇదే చిక్కు. కూర్చోవడం మన చేతిలో ఉంటుంది, లేవడం ఉండదు.

బాల్‌రాజ్ నడుము దాకా దిగబడిపోయి అప్పటికి గంటయింది. గోడ అవతల అతని చామంతి తోటలో మోటరు నడుస్తోంది. ఈపాటికి మడి నిండి ఉంటుంది, నీళ్ళు మళ్ళించాలి. దసరా పదిహేను రోజుల్లో ఉంది. మొగ్గ మీదున్న తోటకు నీళ్ళు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

"కళ్ళు మూసుకోండి బాల్‌రాజ్ గారూ," అన్నారు సత్యనారాయణమూర్తి.

బాల్‌రాజ్ మూసుకున్నాడు.

మూర్తిగారిది తణుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కనకమామిడిలో బాల్‌రాజ్ పొలం పక్కనే ఫామ్‌హౌస్ కట్టుకుని, అందులో ఒక గదిని పాటలకే కేటాయించారు. ఆ గదిలో ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు బొటనవేలంత లావు కేబుల్ పోతుంది. పైన నల్లటి వల తొడుగు. దాని ధర విన్న రోజు బాల్‌రాజ్ అది ఇల్లు మొత్తానికి వైరింగు ఖర్చనుకున్నాడు.

"కొత్త కేబుల్ కొత్త కోడలు లాంటిదండీ. ముందు బిగుసుకుని ఉంటుంది. మూడు వందల గంటలు పాడిస్తే గొంతు విచ్చుకుంటుంది."

"నేనొచ్చి ఇరవై ఆరేళ్ళయింది. నన్నెవరూ పాడించలేదు," అంది వంటింట్లోంచి మూర్తిగారి భార్య అరుణకుమారి.

కేబుల్ గొంతు వినగలిగిన మనిషికి ఆవిడ గొంతు వినిపించలేదు.

పోయిన నెల తణుకులో పెళ్ళికి పన్నెండు రోజులు వెళ్తూ, గంటలు వృథా కాకూడదని మూర్తిగారు పాటలు ఆగకుండా పెట్టి, తాళాలు బాల్‌రాజ్ చేతికిచ్చి వెళ్ళారు. తిరిగొచ్చి ఇదే సోఫాలో కూర్చుని విన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"మారిందా, లేదా?" అని అడిగారు.

"మారింది సార్," అన్నాడు బాల్‌రాజ్.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఆయన్ను ఎరిగినవాళ్ళంతా ఎప్పుడో ఆ గేటు దాటడం మానేశారు. చెవులున్న మనిషిగా బాల్‌రాజ్ ఒక్కడే మిగిలాడు.

వీణ మొదలైంది.

"తీగ మీద వేలు జారడం వినిపించిందా?"

"విన్న సార్."

"పెళ్ళికి ముందు?"

బాల్‌రాజ్ ఆలోచించాడు. "అప్పుడు గూడ జారుతుండె. జర చాటుంగ జారుతుండె."

"సరిగ్గా చెప్పారు," మూర్తిగారు తొడ మీద చరుచుకున్నారు.

బాల్‌రాజ్ ఫోను మోగింది. భార్య నిర్మలమ్మ. మూర్తిగారు మొహం ముడిచి వీణను ఆపారు.

"యాడున్నవ్? నీళ్ళు గట్టు దాటుతున్నయ్. బంద్ చేద్దమంటే స్టార్టర్ డబ్బ ముట్టొద్దంటివి. ఎవ్వల్నీ తెరవనియ్యవు. అండ్ల బంగారం దాస్తివా ఏంది?"

"వస్తున్న, వస్తున్న."

లేవబోయాడు. సోఫా ఒప్పుకోలేదు. మూర్తిగారు కూడా ఒప్పుకోలేదు.

"ఉండండి, అసలు సంగతి చెప్పనే లేదు. ఆదివారం సిటీ నుంచి ఒకాయన వస్తున్నాడు. ఈ తొడుగు విప్పి, కేబుల్ చివర్లకు వెండి పిన్నులు వేస్తాడట. గొంతు ఇంకా విచ్చుకుంటుంది."

బాల్‌రాజ్ కళ్ళు తెరిచాడు. ఏసీ గదిలో అతనికి చెమట పట్టింది.

"వద్దు సార్. కుదురుకున్నదాన్ని కదిలియ్యొద్దు. మల్ల మొదటికొస్తది."

మూర్తిగారు కరిగిపోయారు. "ఈ కేబుల్ మీద నాకంటే మీకే ప్రేమ ఎక్కువండీ."

"అందుకే చెప్తున్న సార్. దాన్ని అట్లనే ఉండనియ్యుండ్రి."

"భయపడకండి. మీరు దగ్గరుండి చూద్దురుగాని. ఆదివారం పదింటికి వచ్చెయ్యండి."

తలుపు మూసే ఉంది. వీణ మళ్ళీ మొదలైంది. గోడ అవతల మోటరు ఆగకుండా, ఎన్నడూ లేనంత హుషారుగా నీళ్ళు పోస్తోంది.

అయ్యా, అమ్మా, చదువుతున్న మీలో ఎవరికైనా ఉపాయం తడితే జర బాల్‌రాజ్‌కు చెప్పి పుణ్యం కట్టుకోండి: మూర్తిగారు పెళ్ళికెళ్ళిన మూడోనాడు మోటరు వైరు మాడిపోతే 'ఒక్క పూటకే కదా' అని ఊడదీసుకుపోయి స్టార్టర్ డబ్బాలో బిగించుకున్న అసలు కేబుల్‌ను ఆదివారం లోపల తెచ్చి, ఈ నల్ల తొడుగులో మాడగా మిగిలిన మోటరు వైరును లాగేసి దాని చోట పెట్టేస్తే, రెండు నిమిషాలు విని 'అయ్యో, పాడైపోయింది' అని మూర్తిగారు అనకుండా ఏం చేయాలి?