మొదటి చెంచా

తినిపించాల్సిన మనిషే తింటోంది.

గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మ తన కళ్ళను తానే నమ్మలేకపోయింది.

కిటికీ పక్క మంచం మీద ఓ ముసలాయన కూర్చున్నాడు. ముందు జావ గిన్నె ఉంది. ఎదురుగా స్టూలు మీద నడివయసు ఆయా.

ఆ గిన్నెలోంచే ఆవిడ ఓ చెంచా తీసి తన నోట్లో వేసుకుంది. చప్పరించింది.

“అబ్బ! ఎంత బాగుందో!” అంది.

ఒంటి మీద యూనిఫాం కూడా లేదు.

టైలరమ్మ మొహం తిప్పుకుని వరండాలోకి వచ్చేసింది.

అమ్మ కోసం చూస్తున్న వృద్ధుల హోముల్లో ఇది ఐదోది. మొదటి దాంట్లో గేటు దగ్గరే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఇంకో దాంట్లో సాయంత్రమైతే మంచాలకు కట్టేస్తున్నారు. మిగతా రెండూ ఎందుకు వద్దనుకుందో ఇప్పుడామెకే గుర్తు లేదు. కాళ్ళు పీకుతున్నాయి. ఇంటి దగ్గర కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి.

అమ్మను గదిలో పెట్టి గొళ్ళెం వేసి వచ్చింది.

అమ్మకు మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్ళు. ఈమధ్య కూతురినే పట్టుకుని “ఏమండీ, మీ అమ్మగారు కులాసానా?” అని అడుగుతోంది. దానికి నవ్వి ఊరుకోవచ్చు. తిండి దగ్గరే నవ్వు రావడం లేదు. చెంచా చేతికిస్తే అదేమిటో తెలియనట్టు తిప్పి తిప్పి చూస్తుంది. నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. ఒక్క నెలలో అమ్మ బట్టలు వదులై రెండుసార్లు లోపలి కుట్టు వేయాల్సి వచ్చింది.

ఇంకోసారి వేయాల్సి వస్తే అమ్మ ఉండదని డాక్టరు చెప్పకుండానే టైలరమ్మకు తెలుసు.

ఫోను మోగింది. తమ్ముడు.

“అక్కా, నేను రాసిచ్చిన ప్రశ్నలన్నీ అడిగావా?”

“నలభై రాశావు కదరా. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. నువ్వే వచ్చి అడగరాదూ?”

“సెలవు దొరకాలి కదక్కా. ఆయాలు శుభ్రంగా ఉంటారా? అది చూడు ముఖ్యంగా.”

టైలరమ్మ ఆ ప్రశ్న పక్కన కాగితం చిరిగేలా ఇంటూ కొట్టి, మేనేజరు గదిలోకి నడిచింది.

“మీ ఆయా రోగి గిన్నెలో ఎంగిలి చెంచా పెడుతోంది. చూశారా?”

మేనేజరు నీళ్ళు నమిలాడు. “అది కాదమ్మా, ఆవిడ...”

“నాలుగు హోముల్లో విన్నానండీ ఈ ‘అది కాదమ్మా’లు. మతి తప్పితే మాత్రం ఎవరి ఎంగిలి పడితే వాళ్ళది తినాలా? ఆవిడ ఉంటే మా అమ్మను చేర్చను. పై ఆఫీసుకు కాగితం కూడా రాస్తాను.”

“ఒక్క నిమిషం వినండమ్మా...”

“వినే ఓపిక లేదు. ఉంచుతారా, పంపిస్తారా?”

కాగితం అనేసరికి ఆయన మొహం వాడిపోయింది. బల్ల మీద పెన్నును అటూ ఇటూ జరిపాడు.

“సరేనమ్మా. రేపట్నుంచి రావద్దని చెప్తాను.”

వెళ్ళేటప్పుడు వరండా చివర కుళాయి దగ్గర ఆవిడ గిన్నెలు కడుగుతోంది. తలెత్తి నవ్వింది.

“అమ్మగారినా? తీసుకురండి, నేను చూసుకుంటా. ఏం ఇష్టంగా తింటారు?”

టైలరమ్మ కొంగు పక్కకు లాక్కుని దాటిపోయింది.

సోమవారం అమ్మను చేర్చింది. హోము శుభ్రంగానే ఉంది. ఆయాలందరికీ యూనిఫాం ఉంది. చాలా రోజుల తర్వాత టైలరమ్మ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

పదో రోజు వెళ్ళేసరికి అమ్మ మంచానికి అతుక్కుపోయి ఉంది. ముక్కుకు గొట్టం. కిటికీ పక్క ముసలాయనకూ గొట్టమే.

“ఏమైంది సిస్టర్?”

“తినడం లేదమ్మా. మీ అమ్మగారే కాదు, ఈ వార్డులో సగం మంది మానేశారు.”

“తినిపించడానికేగా మీరున్నది!”

నర్సుకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

“వీళ్ళకు ఆకలి ఉంటుందమ్మా. తినడం ఎలాగో మర్చిపోతారు. బలవంతంగా పెడితే భయపడతారు. ఎదురుగా కూర్చుని, వాళ్ళ గిన్నెలోంచే ఓ చెంచా మనం తిని చూపించాలి. అప్పుడు మెల్లగా వాళ్ళ చెయ్యి లేస్తుంది. ఒక్కోసారి గంట పడుతుంది. ఇరవై రెండు మంచాలకు మేం నలుగురం. అంత ఓపిక ఆవిడకే ఉండేది.”

“ఎవరికి?” అంది టైలరమ్మ.

“ఎవరో కాగితం రాస్తామన్నారట. మేనేజరుగారు రావద్దన్నారు.”

టైలరమ్మ మంచం కమ్మీ పట్టుకుంది.

“వెనక్కి పిలవండి సిస్టర్. కావాలంటే నేను వెళ్ళి అడుగుతాను. కాళ్ళు పట్టుకుంటాను.”

“మేనేజరుగారే మొన్న వెళ్ళొచ్చారమ్మా. ఇంటికి తాళం. ఇక ఈ ఊళ్ళో పనేముందని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందట. ఆ చెల్లెలుండేది ఎక్కడో పక్కవాళ్ళకూ తెలియదు.”

“మీ రిజిస్టర్లో ఉంటుందిగా! ఆయాని పనిలో పెట్టుకునేటప్పుడు వివరాలు రాసుకోరా?”

నర్సు అమ్మ దుప్పటి సర్దింది.

“ఆవిడ ఆయా కాదమ్మా,” అంది. “మీలాగే తల్లిని ఇక్కడ చేర్చిన కూతురు, ఆ తల్లి పోయి రెండేళ్ళయినా రోజూ భోజనం వేళకు వస్తూనే ఉండేది.”