బాగుచేయాల్సిన వ్యాను

"ఈ తుప్పు డొక్కు మనకొద్దండీ" అన్నందుకు, పరాయివాళ్ళ పెరట్లోనే భర్త ఆమె చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి రక్తం చుబుకం మీదికి కారింది.

"పాత మోడల్ విలువ నీకేం తెలుసే? బాగుచేస్తే ఊరంతా నోరెళ్ళబెట్టి చూస్తుంది" అంటూ అతను వ్యానును జాకీ మీద లేపి, వెల్లకిలా దాని కిందికి దూరాడు. సుత్తితో కొడుతుంటే తుప్పు పెచ్చులుగా రాలుతోంది.

వ్యాను అమ్ముతున్న ఆవిడ తడిగుడ్డ తెచ్చి ఆమె పెదవికి అద్దింది. ఆవిడ ముక్కు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది.

"మా ఆయనా దీన్ని బాగుచేయాలనే ముచ్చటపడ్డాడు తల్లీ. పొద్దస్తమానం దీని కిందే ఉండేవాడు" అంది మెల్లగా. "ఓరోజు జాకీ జారింది. ఎలా జారిందని ఒక్కరూ అడగలేదు."

ఆమె తలెత్తి చూసింది. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"నోరు పడిపోయిందా? ఇంకా వద్దనే అంటావా?" కింద నుంచి భర్త అరిచాడు.

ఆమె చుబుకం తుడుచుకుంది.

"కొందామండీ" అంది. "మన పెరట్లో పెట్టుకుని నిదానంగా బాగుచేసుకుందురు గాని. మీరు కింద పని చేసుకుంటుంటే, పక్కన నేనుంటాను."