తలుపు పక్క చాప

"రండి బావగారూ, రండి! అక్క ఎన్నిసార్లు పిలిచిందో మిమ్మల్ని!"

గుమ్మంలోనే నిలబడిపోయిన దర్జీకి ఒక శిష్యురాలు తలుపు పక్కనున్న చాప చూపించింది.

"ఆలస్యమైందా అమ్మా?"

ఆమె తల దించుకుంది. "ఆ చాప మీద అక్క ఎవర్నీ కూర్చోనివ్వలేదండీ, మీకోసమని."

దర్జీ చతికిలబడ్డాడు. కింద తన కుట్టు దుకాణానికి తాళం వేసి తెచ్చిన తాళంచెవి ఇంకా పిడికిట్లోనే ఉంది. భార్య ఈ పై గదిలో ధ్యానం నేర్పడం మొదలుపెట్టిన నాటి నుంచి అతను మెట్లెక్కడం ఇదే మొదటిసారి. బుద్ధుడు చెప్పినట్టు ఊపిరిని గమనించడం, చైనాలోని తావో పెద్దలు చెప్పినట్టు నీళ్లలా మెల్లగా కదలడం, ఇంతే ఆవిడ విద్య.

"ఊపిరి పీల్చడానికి కూడా టీచరమ్మా? పుట్టిన పసిగుడ్డుకి ఎవరు నేర్పారే?" అని నలుగురిలో వేళాకోళం చేసేవాడు. ఆవిడా నవ్వేసి, "ఒక్కరోజు వచ్చి కూర్చోండి, చాలు" అనేది. "ఈ కుట్టు తెమలనీ, వస్తాలే" అనేవాడు. కుట్టు ఏనాడు తెమిలింది గనక!

"కళ్లు మూసుకోండి," అంది భార్య గొంతు.

అతను గభాలున మూసుకున్నాడు. కాపురంలో ఆవిడ మాట ఇంత చప్పున ఎప్పుడూ వినలేదు.

"భుజాలు బిగించకండి. మిమ్మల్ని ఎవరూ తరమడం లేదు."

భుజాలు దిగాయి. "నన్నే అంటోంది," అని గొణిగాడు దర్జీ. పక్కనెవరో ముక్కు ఎగబీల్చారు.

"కింద కుట్టుమిషను వినిపిస్తోందా? దాంతో దెబ్బలాడకండి. అది ఆగితే నాకే తోచదు."

టకటకా టకటకా. ఇంత మోత చేస్తుందా ఆ మాయదారి మిషను! తొక్కేవాడికేం తెలుస్తుంది? అతనికి సిగ్గేసింది. ఈ గోల నెత్తిన పెట్టుకునే కదా ఆవిడ ఇంతమందికి నిశ్శబ్దం నేర్పింది.

"ఇప్పుడు లేవండి. చేతులు మెల్లగా, నీళ్లలో కదిలినట్టు. మెల్లగా అన్నాను, గుడ్డ చింపినట్టు కాదు."

అతను లేచాడు. కత్తెర పట్టి కాయలు కాచిన చేతులు గాలిలో తడబడ్డాయి.

"రావట్లేదే," అన్నాడు.

"సరిగ్గా రాకపోతే నష్టం లేదు. మీరు వచ్చారు, అదే చాలు."

ఇన్నాళ్లూ ఆవిడ అడిగింది ఇంత చిన్న పనా!

"ఎవరికైనా చెప్పాల్సిన మాట మిగిలిపోతే, ఇప్పుడు చెప్పేయండి."

మనసులో చెప్పుకోవాలని అందరికీ తెలుసు, అతనికి తెలియదు. "తప్పయిపోయిందే," అన్నాడు పైకే. "ఒక్కరోజు మిషను ఆపి రావాల్సింది."

కాసేపు మిషను చప్పుడొక్కటే వినిపించింది. తర్వాత ఆవిడ అంది, "ఫర్వాలేదు. ఊపిరి వదలండి."

అతను వదిలాడు. చెంపలు తడిసిపోయినా తుడుచుకోలేదు. తాళంచెవి ఎప్పుడు చేజారిందో చాప మీద పడి ఉంది. ఇంకొక్క మాట అంటుందేమోనని కళ్లు మూసుకునే మళ్లీ చాప మీద కూర్చున్నాడు.

ముందు ఆవిడ ఖాళీ చాప మీద, దండ వేసిన ఫొటో పక్కనున్న టేపురికార్డరును శిష్యురాలు ఆపగానే, కుట్టుమిషను కూడా ఆగిపోయింది.