తొగరి మాట

కౌంటర్ మీది లాప్‌టాప్‌లో వైఫై గుర్తు మళ్లీ మాయమైంది.

"పోయిందా?" అంది రిబ్కా.

"పోయింది," అన్నాడు ఆమె భర్త జీవరాజ్.

గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్ పక్కన వాళ్లది పాత లాప్‌టాప్‌ల దుకాణం. లైసెన్సు ఖర్చు లేని లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్ముతారు. ఈ మధ్య ఒక బడికి ఒకే మోడల్‌వి బండెడు అమ్మారు. లినక్స్‌కు కొత్త అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి వాటన్నింటిలోనూ వైఫై కాసేపు నడిచి చచ్చిపోతోంది. పాత వర్షన్‌కు పోదామంటే బడి పాఠాలు అందులో తెరుచుకోవు.

ఫోన్ మోగింది. బడి పెద్ద టీచర్ హెలెన్.

"అన్నా, బడి విడిచేలోపల మంచిగ చేయకుంటే సరుకంత ఆటోల ఏసి పంపిస్త. మళ్ల మీ గడప తొక్కం."

"జర ఓపిక పట్టుండ్రి మేడమ్."

ఒకటి వాపసొస్తే నష్టం. బండెడు వాపసొస్తే గంజ్ అంతా చూస్తుంది. అది దివాలా.

"నీ తొగరి దోస్తు ఏడవోయిండు?" అంది రిబ్కా.

లినక్స్ వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో సాయం అడిగే చోట దొరికాడు ఆ మనిషి. పేరుకు బదులు 'తొగరి' అని పెట్టుకున్నాడు. కన్నడలో తొగరి అంటే కందులు. గంజ్‌లో పొద్దస్తమానం వినపడే మాటే.

లోపల ఏం జరిగిందో రాసి ఉండే లాగ్ ఫైలు పంపమన్నాడు. ఇది మార్చి చూడమన్నాడు, అది ఆపి చూడమన్నాడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు.

అతని ఊరేమిటో జీవరాజ్ అడగలేదు. ఊరికే చేసేవాడికి ఊరెందుకు?

చివరిసారి అతను రాసింది ఇది: "తప్పు దొరికింది. కరెంటు ఆదా కోసం వైఫై కార్డు నిద్రపోతోంది, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మళ్లీ లేపడం లేదు. సరిచేశాను. నా లాప్‌టాప్‌లో బాగా నడుస్తోంది. రేపు పంపుతాను."

ఆ రేపు రానే లేదు.

"పైసలు తీసుకోనోన్ని ఏమని నిలదీస్తం?" అన్నాడు జీవరాజ్. "మాట తప్పితే వానికి పోయేదేముంది!"

గుమ్మంలో ఒక పెద్దామె నిలబడింది. చంకలో తువ్వాలలో చుట్టిన లాప్‌టాప్.

"దీన్ని కొంటవా బిడ్డా? చింతకి ఊరి నుంచి వచ్చిన."

విప్పి చూశాడు. బడికి అమ్మిన మోడలే.

"ఎవలది అవ్వా?"

"నా కొడుకుది. జరమొచ్చి ఆస్పత్రికి పోయిండు, మళ్ల రాలే. ఇంట్ల ఉంటే కండ్ల ముందటనే ఉంటది."

రిబ్కా గబగబా స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టింది.

లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. ఆమెకు తెలియదు. జీవరాజ్ పెన్‌డ్రైవ్ తీశాడు. పాత సరుకులో పాత మనిషి జాడ ఉండకూడదు, తుడిచాకే బేరం. ఆ నియమంతోనే అతను గంజ్‌లో పేరు సంపాదించాడు.

"లోపల ఏమన్న చూస్తవా?" అంది ఆమె.

"ఒకరింట్ల తొంగి చూసే అలవాటు లేదవ్వా. అంత తుడిచేస్త."

"మంచిది బిడ్డా."

పెన్‌డ్రైవ్ గుచ్చి, తుడిచే మీట నొక్కాడు. తెర మీద ఎంత తుడిచిందో చూపే గీత నిండడం మొదలైంది.

ఫోన్ మళ్లీ మోగింది.

"అన్నా, ఆటో వచ్చింది. ఎక్కిస్తున్నరు."

"మేడమ్, ఒక్క మాట..."

లైన్ తెగింది.

జీవరాజ్ ఫోన్‌ను కౌంటర్ మీదికి విసిరాడు. "మాట తప్పినోడు ముంచిండు! రేపన్నడు, మాయమైండు!"

"కోపం జెయ్యకు బిడ్డా," అంది పెద్దామె. "వానికి ఏం ఆపద వచ్చెనో. నా కొడుకు గూడ మాట అంటే పానం పెట్టేటోడు. ఆస్పత్రికి పోతుంటె గూడ, 'అవ్వా, ఒకాయనకు మాటిచ్చిన, పంపాలె' అనుకుంటనే పోయిండు."

తెర మీద గీత పూర్తిగా నిండింది.

రిబ్కా ఆమె చేతికి చాయ్ అందించింది. "పిలగాని పేరేందవ్వా?"

"బడిల సిద్ధు అని రాసిండ్రు," అని పెద్దామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది, "గని, కంది చేన్ల నొప్పులొచ్చి ఆడనే కన్న గద, ఇంట్ల అందరం తొగరి అనే పిలుస్తుంటిమి."