చెల్లెలికి స్కానింగు

స్కానింగు బల్ల మీద పడుకున్న చెల్లెలి చేయి పట్టుకుని అక్క పక్కనే నిలబడింది.

ఎండోమెట్రియోసిస్ అనే గర్భాశయపు జబ్బు అక్క అండాశయాలను ఎందుకూ పనికిరాకుండా చేసింది. చిన్న వయసు నుంచీ నెలనెలా బాత్రూమ్ నేల మీద ముడుచుకుపోయి ఏడిస్తే, పని తప్పించుకోవడానికి వేషాలన్నారు ఇంట్లోవాళ్లు. జబ్బు పేరు తెలిసేసరికి చేయి దాటిపోయింది. చివరికి చెల్లెలే ముందుకొచ్చి, "నా అండాలు తీసుకో అక్కా, నీ కడుపున ఒక బిడ్డ పుడితే చాలు" అంది.

డాక్టరమ్మ చాలాసేపు తెర వైపే చూసింది.

"ఈమెకూ అదే జబ్బు. రెండు వైపులా గడ్డలున్నాయి. మిగిలిన అండాలు బాగా తక్కువ. వాటిని ఈమె కోసమే దాచాలి" అంది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "నెలసరిలో నొప్పి ఎక్కువగా ఉంటుందామ్మా?" అని అడిగింది.

"ఉంటుందండీ. బేకరీలో పిండి కలుపుతూ కలుపుతూ కూలబడిపోతుంటాను. అక్క పడే బాధ ముందు నాదెంతలే అని ఎవరికీ చెప్పలేదు."

అక్క పట్టు బిగిసింది. చెల్లెలికి ధైర్యం వచ్చింది. ఆ నొప్పి ఎలాంటిదో ఇంట్లో అక్క ఒక్కదానికే తెలుసు.

"దీని మాటలు పట్టించుకోకండి డాక్టరుగారూ" అంది అక్క. "వేలు గీసుకున్నా ఇల్లంతా ఏకం చేసే రకం. దీనికంత నొప్పేమీ లేదు. ఉన్న అండాలు ఈ నెలే తీసేయండి."